చివరి పందెంలో చారే!

పందేల రోజు పొద్దున్నే ఢిల్లేశ్వరరావు వంటింట్లోకి వచ్చి కొబ్బరి కోరి పెడతానన్నాడు. పైడితల్లి చేతిలో గరిట జారింది. పెళ్లయిన నాటి నుంచి ఆ మనిషి వంటింట్లో అడుగు పెట్టింది మంచినీళ్ల కోసం, పోపు మాడిందని చెప్పడం కోసం. మూడో పని ఆవిడ ఎరగదు.

“ఏటి బావ, ఒంట్లో నలతగా ఉన్నాదేటి?”

“నాకేటి? గుండ్రాయిలాగున్నాను.”

“మరి కొబ్బరి కోరతానంతన్నావు?”

“మొగుడు సాయం సేత్తే తప్పేటి?”

“తప్పని నానన్నానేటి? ఆసుపత్రికి తీసుకెల్లాలా, బూతవైద్యుడి కాడికి తీసుకెల్లాలా అని ఆలోసిత్తన్నాను.”

ఢిల్లేశ్వరరావు పీట వేసుకుని కూర్చుని కోరడం మొదలుపెట్టాడు. కొబ్బరి కొంత గిన్నెలో పడింది, కొంత లుంగీలో పడింది. ఎక్కువ భాగం గుమ్మం దగ్గర కాచుకున్న కోడికి దక్కింది. అయినా ఆయన నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు చూసే పైడితల్లికి అనుమానం గట్టిపడింది.

ఆయన బాధ ఆయనది. అది చెప్పకపోతే మీకీ కొబ్బరి సంగతి అర్థం కాదు.

పూండి స్టేషన్‌లో దిగి, జీడితోటలు దాటి సముద్రం వైపు వెళ్తే వాళ్ల ఊరు వస్తుంది. అక్కడ ఏటా అమ్మవారి సంబరానికి గుర్రప్పందేలు పెడతారు. పేరుకి పందేలే గానీ డబ్బు కాయడానికి లేదు. గెలిచిన గుర్రానికి పూలదండ, యజమానికి ఇత్తడి బిందె, ఊరేగింపు. గుర్రాలు కూడా మేలుజాతివేం కావు. పలాసలో పెళ్లికొడుకుల్ని మోసేవి కొన్ని, ఇచ్ఛాపురంలో ఒకప్పుడు జట్కా లాగినవి కొన్ని, ముచ్చటపడి పెంచుకున్నవి ఇంకొన్ని.

పందేలకి ముందు మైకులో ఏ గుర్రం ఎలా ఉందో, ఏ పందెంలో ఏది గెలుస్తుందో చెప్పే పని ఢిల్లేశ్వరరావుది. ఏడాది పొడుగునా కొబ్బరితోటలో ఆయన మాట చెట్లు కూడా వినవు. ఇంట్లో సంగతి సరేసరి. ఆ ఒక్కరోజు మాత్రం ఊరూ, చుట్టుపక్కల ఊళ్లూ చెవులు రిక్కించి వింటాయి. దాన్ని జనం ‘ఢిల్లీ వార్తలు’ అంటారు.

ఢిల్లీ వార్తలకి ఒక విశేషం ఉంది. ఆయన గెలుస్తుందన్న గుర్రం ఇంతవరకూ ఒక్కసారీ గెలవలేదు. పోయినేడు ఆయన మెచ్చుకున్న గుర్రం గీత దగ్గరే పడుకుంది. అంతకుముందు ఏడు మెచ్చుకున్నది పందెం మొదలుకాగానే వెనక్కి తిరిగి హైవే ఎక్కేసింది. యజమాని బైకు వేసుకుని వెంటపడితే సోంపేట దగ్గర దొరికింది. దాంతో సంబరం దగ్గర పడుతోందంటే చాలు, గుర్రాల వాళ్లు గెలల కొద్దీ బొండాలు తెచ్చి ఆయన అరుగు మీద పెట్టి, “బాబ్బాబు, మా గుర్రం పేరు మాత్తరం ఎత్తకు” అని దండం పెట్టడం మొదలైంది.

అంచనాల సంగతి అలా ఉండగా, భాష సంగతి ఇంకోటి. ఒకసారి ఆయన విజయవాడ వెళ్లి, హోటల్లో ఇడ్లీ ముందు కూర్చుని “సెట్నీ ఎయ్యి” అన్నాడు. వడ్డించే కుర్రాడు నవ్వాడు. పక్క బల్ల వాళ్లూ నవ్వారు. ఆ ఇడ్లీ ఇప్పటికీ ఆయనకి అరగలేదు. మన నోట్లో ‘చ’ ఉండాల్సిన చోట ‘స’ వస్తోందని ఆయనకి అప్పుడు తెలిసింది. ఇంట్లో ఎలా మాట్లాడినా మైకు ముందు మాత్రం ఏ ‘స’ని చూసినా ఆయనకి అనుమానమే. పట్టుకుని ‘చ’ చేసేస్తాడు.

“చభకు నమచ్కారం! చోదర చోదరీమణులారా! చర్పంచి గారికి చ్వాగతం!”

ఊళ్లోవాళ్లు దీనికి అలవాటు పడిపోయారు. ఆయన ‘చ’ అన్నప్పుడల్లా వాళ్లు చెవిలోనే దాన్ని ‘స’ చేసుకుని అర్థం చేసుకుంటారు. ‘చంబరం’ అంటే సంబరం, ‘చముద్రం’ అంటే సముద్రం. పిల్లలకి కూడా కష్టం లేదు.

ఈ ఏడు మాత్రం కష్టం వచ్చిపడింది. కమిటీ పెద్ద కూర్మారావు నిన్న సాయంత్రం పిలిచి చెప్పేశాడు.

“ఢిల్లీ, గుర్రాలోల్లు గొడవ సేత్తన్నార్రా. నువ్వు మైకు పట్టుకుంతే మేం రామంతన్నారు. ఒక్కటి... రేపు ఒక్క గుర్రం నువ్వు సెప్పినట్టు గెలవాల. లేదంటే పై ఏటి నుంచి పలాసలో రికార్డు సేయించిన ఆడగొంతు పెడతాం.”

“మిసను గొంతా మావా?”

“అది గుర్రాల జోలికి రాదు కదరా.”

ఢిల్లేశ్వరరావుకి రాత్రంతా కునుకు పట్టలేదు. మైకు పోతే ఆయనకి ఇంకేం మిగలదు. ఆ ఒక్కరోజు కోసమే మిగతా రోజులన్నీ ఓపిగ్గా కొబ్బరికాయలు దింపించుకుంటున్నాడు. మైకు లేని సంబరంలో చేతులు ఎక్కడ పెట్టుకుని నిలబడాలో కూడా ఆయనకి తోచలేదు. నిజంగా ఏడుపొచ్చింది.

తెల్లారేసరికి ఉపాయమూ వచ్చింది. ఇంట్లోనే ఉంది కదా, పైడితల్లి! ఆవిడ ఏటేటా ఆడవాళ్ల మధ్య నిలబడి, గుర్రాల్ని ఒక చూపు చూసి, “అదే గెలుత్తాది” అంటుంది. అదే గెలుస్తుంది. ఆయన స్వయంగా విన్నాడు. ఆవిడ చేత ఒక్క గుర్రం పేరు చెప్పించి మైకులో తనదిగా అనేస్తే సరి. కాకపోతే మొగుడు పెళ్లాన్ని అడిగి వార్తలు చెప్పాడని ఊరికి తెలియకూడదు. పెళ్లానికి అసలే తెలియకూడదు.

అందుకే కొబ్బరి.

“పైడీ,” అన్నాడు వేలు చీకుతూ. అప్పటికే వేలు తెగింది. “ఊరికే అడుగుతన్నాను. ఇయాల ఏదంతావు?”

“ఏది ఏది?”

“అదే... ఆకర్ని. ఏదొత్తే బాగుంతాదని.”

పైడితల్లి ఖాళీ కూరగాయల బుట్ట వైపు చూసింది. మొగుడి వైపు చూసింది.

“సారే,” అంది.

ఢిల్లేశ్వరరావు కోరడం ఆపాడు. “కచ్చితంగానా?”

“ఇంకేటున్నాది? సారే గతి.”

“ఆకరిదాకా నిలబడతాదా?”

“ఒక్క పొంగు రానీ, అప్పుడు సూడు. నువ్వు పట్టుకున్నా ఆగదు.”

ఇంకేం కావాలి! కొబ్బరి చిప్ప అక్కడే పడేసి, కోడికి దారి ఇచ్చి, ఆయన బయటికి పరిగెత్తాడు.

సందు మలుపు తిరిగాక అనుమానం వచ్చింది. చివరి పందెంలో మేటి గుర్రాలు రెండు. ఒకటి కవిటి కృష్ణారావుది. మంచి వయసులో ఉన్న గుర్రం, నుదుటి నుంచి ముక్కు దాకా తెల్లటి చార. అందుకని దాన్ని చార గుర్రం అంటారు. ఊరి నోట్లో సార గుర్రం. రెండోది టెక్కలి తిరుమలరావు మాస్టారిది. రిటైరైన హెడ్మాస్టరు కాబట్టి ఆయన్ని అందరూ సారనే పిలుస్తారు, గుర్రాన్ని సారు గుర్రం అంటారు. ఆయన మాత్రం దానికి హాజరు అని పేరు పెట్టుకున్నాడు. “హాజరు!” అని పిలిస్తే అది బుద్ధిగా సకిలిస్తుంది.

పైడితల్లి ‘సారే’ అంది. సార గుర్రమైతే సారే. సారు గుర్రమైనా సారే. ఇప్పుడెలా? వెనక్కి వెళ్లి అడిగితే గుట్టు బయటపడుతుంది.

ఢిల్లేశ్వరరావు జీడిచెట్టు కింద నిలబడి బుర్ర పెట్టి ఆలోచించాడు. పైడితల్లి విజయవాడ వెళ్లలేదు. ఆవిడ నోట్లో ‘చ’ అంతా ‘స’ అవుతుంది. కనక ఆవిడ ‘స’ అంటే అసలు మాట ‘చ’ అయి తీరాలి. చార గుర్రమే! తన చదువుకి తానే మురిసిపోయి, మీసం ఒకసారి సవరించుకుని మైదానానికి నడిచాడు.

ఇసకనేల మీద తాళ్లు కట్టి దారి గీశారు. కొబ్బరిచెట్లకి హారన్లు కట్టారు. ఐస్ బళ్లు, గాజుల కొట్లు, పీకలు ఊదే పిల్లలు. ఢిల్లేశ్వరరావు మైకుని రెండుసార్లు తట్టి, గొంతు సవరించుకున్నాడు.

“చభకు నమచ్కారం! మొదటి పందెంలో పలాచ పెళ్లిగుర్రం కనకం. ఎన్నో ఊరేగింపులు చూచిన గుర్రం. జనం అంటే బెదరదు. ఇదే గెలుచ్తుంది. రెండో పందెంలో ఇచ్ఛాపురం జట్కా గుర్రం. బలమైన కాళ్లు, గాలి వేగం. ఇదే గెలుచ్తుంది.”

కనకం యజమాని నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. ఇచ్ఛాపురం ఆసామి ఏకంగా కూలబడ్డాడు.

“ఇక అందరూ ఎదురుచూచే చివరి పందెం! నేను బాగా ఆలోచించి చెబుతున్నాను. చారే! చారే! ముమ్మాటికీ చారే గెలుచ్తుంది!”

జనం అలవాటు ప్రకారం ‘చ’ని ‘స’ చేసుకున్నారు. ఆయన ‘చ’ అన్నాడంటే అసలు మాటలో ఉన్నది ‘స’ అన్నమాట. అయితే సారే! సారు గుర్రం మీద పడింది ఈ ఏడు పిడుగు! మైదానమంతా ఒక్కసారి తిరుమలరావు మాస్టారి వైపు జాలిగా చూసింది. కృష్ణారావు మనుషులు అప్పుడే బిందె మోయడానికి కొత్త తువ్వాలు మడత విప్పారు.

మొదటి పందెం మొదలైంది. కనకం బాణంలా దూసుకొచ్చి, తాడు అవతల హారతి పళ్లేలు పట్టుకున్న ఆడవాళ్లని చూసి టక్కున ఆగిపోయింది. ఊరేగింపులో హారతి కనిపించిన చోటల్లా ఆగడం దాని వృత్తి. పైనున్న కుర్రాడు ఎంత అదిలించినా, హారతిచ్చి బొట్టు పెడితే గాని కదల్లేదు. అప్పటికి మిగతా గుర్రాలు గీత దాటి నీళ్లు తాగుతున్నాయి.

రెండో పందెంలో ఇచ్ఛాపురం గుర్రం బాగానే పరిగెత్తింది. మధ్యలో మిఠాయి బండివాడు తన మనిషిని ఒడియాలో కేకేశాడు. పుట్టి బుద్ధెరిగి ఒడియాలోనే తిట్లు తిన్న గుర్రం అది. ఎవరో అయినవాళ్లు పిలిచారనుకుని, తాడు దాటి బండి దగ్గరికి వెళ్లి నిలబడింది.

కూర్మారావు ఢిల్లేశ్వరరావు వైపు చూసి నిట్టూర్చాడు. “పలాసకి ఫోను సేసీమంతావేట్రా?”

“చివరిది ఉంది మావా,” అన్నాడు ఆయన. మైకు తీగని గట్టిగా పట్టుకున్నాడు.

ఇంతలో తిరుమలరావు మాస్టారు గొడుగు ఊపుకుంటూ వచ్చాడు. “ఒరేయ్ ఢిల్లీ! నీకు ఎక్కాలు రాకపోయినా పాస్ చేశాను కదరా! నా గుర్రం పేరెందుకెత్తావురా?”

“మీది కాదండీ చారూ! నేనన్నది చార...”

“అదే, సారు గుర్రమే కదా! అపకారికి ఉపకారం చెయ్యమన్నారు గానీ, ఉపకారికి ఇలా...” అంటుండగా డప్పులు మోగాయి. మాస్టారు గొడుగు మూసుకుని, కళ్లు కూడా మూసుకున్నాడు.

చార గుర్రం అన్నిటికంటే ముందు లేచింది. సగం దూరం వచ్చేసరికి మిగతావి దుమ్ములో ఉన్నాయి. ఢిల్లేశ్వరరావు మైకు పక్కన పెట్టి గంతులేశాడు. ఇంకాసేపట్లో మైకు తనదే!

ఒకటే చిక్కు. కృష్ణారావు మనుషులకి పొద్దుటి నుంచీ గెలుపు మీద అనుమానమే లేదు. ఢిల్లీ పేరెత్తింది అవతలి గుర్రాన్ని కదా, ఇంక అడ్డేముంది? పైనున్న రౌతుకీ అదే ధీమా. గీత కనిపించగానే రెండు చేతులూ పైకెత్తి, ఫోన్లు పట్టుకున్న వాళ్లకి నవ్వుతూ ఊపాడు. పగ్గం వదిలాడంటే పని అయిపోయిందని గుర్రం అనుకుంది. ఎండ మండుతోంది. పక్కనే కొబ్బరిచెట్ల నీడ. అది వెళ్లి నీడలో నిలబడింది.

వెనకాల హాజరు, బడికి వెళ్లే పిల్లాడిలాగ తలొంచుకుని, తన దారిన తాను వచ్చి గీత దాటింది.

ఢిల్లేశ్వరరావు గంతులు ఆపేశాడు. అయిపోయింది. మైకు మీద చివరిసారిగా చెయ్యి వేసి నిమిరాడు.

అప్పుడు మైదానం హోరెత్తింది. “ఢిల్లీ సెప్పిందే అయినాది! సారే అన్నాడు, సారే గెలిసింది!”

ఎవరో ఆయన్ని భుజాల మీదికి ఎత్తేశారు. ఎవరో దండ వేశారు, గుర్రానిదే. తిరుమలరావు మాస్టారు కళ్లు తెరిచి, నమ్మలేక మళ్లీ మూసుకుని, మళ్లీ తెరిచాడు. కూర్మారావు వీపు మీద ఒక్కటి చరిచి, “మైకు నీదేరా!” అన్నాడు. మైకు మీట వేసి ఉందని ఎవరూ చూసుకోలేదు.

నిజం చెప్పాలా, మింగాలా అని ఢిల్లేశ్వరరావు ఒక్క క్షణం తటపటాయించాడు. మింగేశాడు.

“నేను ముందే చెప్పాను కదా!” అన్నాడు దండ సర్దుకుంటూ.

“ఏటి సెప్పినావు బావ?” అని వెనక నుంచి వినిపించింది. క్యారేజీ పట్టుకుని పైడితల్లి నిలబడి ఉంది.

“సారే గెలుత్తాదని మీ ఆయన సెప్పినాడమ్మా!” అన్నాడు కూర్మారావు.

“ఓలమ్మో! సారే అని పొద్దున్న నాను కదా సెప్పినాను!”

ఆ మాట హారన్లలోంచి మైదానమంతా మోగింది. కొబ్బరిచెట్ల మీద కాకులు లేచిపోయాయి. జనం ఆవిడ వైపు తిరిగారు.

“నువ్వా సెప్పినావు?” అన్నాడు కూర్మారావు.

“అవును మావా. కూరలు తెమ్మని నిన్నటి నుంచి మొత్తుకుంతన్నాను. తేలేదు. పొద్దున్న వంటింట్లోకొచ్చి ఇయాల ఏదంతావని అడిగినాడు. కూరలేపోతే ఏటొండుతాను? సారే అన్నాను.” క్యారేజీ మూత తీసింది. మిరియాల చారు ఘుమఘుమలాడింది. “సూడండి.”

మైదానం పగలబడి నవ్వింది. డప్పులవాడు డప్పు మీద పడి నవ్వాడు.

“అయితే గుర్రం మాటే కాదేటి?” అని కూర్మారావు కళ్లు తుడుచుకున్నాడు.

“నాకేటి తెలుసు మావా గుర్రాల సంగతి?”

ఢిల్లేశ్వరరావు భుజాల మీంచి దిగాడు. “మరి ఏటేటా అదే గెలుత్తాదంతావు, అదే గెలుత్తాది!”

“ప్రతి గుర్రాన్నీ సూసి అదే గెలుత్తాదంతాను బావ. పాపం, వాటికీ ఆశ ఉంతాది కదా. గెలిసిందొక్కటే నీకు గుర్తుంతాది.”

కూర్మారావు మైకు చేతిలోకి తీసుకుని, మొహం గంభీరంగా పెట్టాడు. “ఇంతకీ నువ్వేటనుకున్నావురా? అమ్మవారి ఎదర అబద్దమాడకు.”

ఢిల్లేశ్వరరావు నేలచూపులు చూశాడు. ఏ ‘స’ని ఏం చెయ్యాలో ఆలోచించే ఓపిక ఆయనలో లేదు. నోటికి వచ్చినట్టే వచ్చింది.

“సార గుర్రం, మావా. కృష్ణారావుది. మీరు సారని ఇనుకున్నారు. నాను సారనలేదు, సారన్నాను.”

కాసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇందాకటికంటే గట్టిగా నవ్వారు.

“అయితే మైకులో గెలిసిన మాట పైడితల్లిది,” అని కూర్మారావు తీర్పు చెప్పాడు. “మైకు ఆమెదే. ఏటమ్మా, పై ఏడు నువ్వు సెప్తావా?”

పైడితల్లి మైకు అందుకుంది. మొగుడి మొహం చూసింది. దండ మెళ్లో ఉండగా అంత దిగాలుగా ఉన్న మనిషిని ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఆవిడకి జాలి వేసింది. నవ్వూ వచ్చింది.

“మైకు నాదైతే నా ఇట్టం కదా మావా. ఇప్పుడు మా బావకిత్తన్నాను. ఒక్కటే మాట. ఇంట్లో నాతో ఎలగ మాటాడతాడో, ఇక్కడా అలగే మాటాడాల. ఆ సెట్నీ గోల ఇంక నాకొద్దు.”

ఢిల్లేశ్వరరావు మైకు తీసుకున్నాడు. గొంతు సవరించుకుని, అలవాటుగా ‘చ’ అనబోయి ఆగాడు. విజయవాడ హోటలు ఒక్కసారి కళ్ల ముందు మెదిలింది. తర్వాత ఎదురుగా ఉన్న మొహాలు కనిపించాయి. అందరూ తనవాళ్లే. ఏ మాట ఎలా అన్నా అర్థం చేసుకుంటూ వచ్చినవాళ్లే.

“సబకి నమస్కారం,” అన్నాడు. “సారు గుర్రం గెలిసింది. నాను సెప్పినందుకు కాదు. సెప్పకపోయినా గెలిసింది. అందరూ ఒకసారి సప్పట్లు కొట్టండి.”

కొట్టారు. మాస్టారు అందరికంటే ఎక్కువసేపు కొట్టాడు. ఢిల్లేశ్వరరావుకి ఆపైన ఎవరూ ఆపలేనంత హుషారు వచ్చింది. నీడలో నిలబడ్డ చార గుర్రం గురించి, హారతి కోసం ఆగిన కనకం గురించి తన యాసలో చెప్పుకుంటూ పోతుంటే జనం పందేలకంటే ఎక్కువ నవ్వారు. కవిటి కృష్ణారావు కూడా నవ్వి, పై ఏడు వస్తానన్నాడు.

పొద్దు వాలాక ఇద్దరూ జీడితోటల దారిన ఇంటికి బయల్దేరారు.

“పైడీ, నిజం సెప్పు. పొద్దున్న నాను గుర్రాల గురించడుగుతన్నానని నీకు తెల్దా?”

“పీటేసుకున్నప్పుడే తెలిసిపోనాది.”

“మరి గుర్రం పేరు సెప్పొచ్చు కదే!”

“కూరలు తెచ్చుంటే సెప్పీదాన్ని.”

“ఏ గుర్రం సెప్పీదానివి?”

“సార గుర్రమే, కృష్ణారావుది. అదే కదా అన్నిటికంతే బాగున్నాది.”

ఢిల్లేశ్వరరావు నడిచేవాడల్లా ఆగిపోయాడు. ఆ సంగతి బుర్రకెక్కేసరికి పకపకా నవ్వాడు. “అయితే సారే కాపాడిందే నన్ను! పై ఏడు కూడా నాను కూరలు తేను. నువ్వు సారే పెట్టు.”

“పై ఏడు సారు నువ్వు పెట్టు బావ. మైకు నాదని మావ సెప్పినాడు కదా. నీకు ఇచ్చింది ఇయాలకే.”

ఆయన మెళ్లో దండ సర్దుకున్నాడు. తర్వాత ఆలోచిస్తే ఆవిడ మైకులో మాట్లాడుతుంటే వినాలని ఆయనకే అనిపించింది.

“అయితే పైడీ,” అన్నాడు మెల్లగా, “పోపులోకి ఆవాలు ముందెయ్యాలా, మిరపకాయలు ముందెయ్యాలా?”